ఏడు లాకులకూ ఒక్క కేక

మొదటి రోజు. పౌర్ణమి మర్నాడు.

సముద్రపు గోడ బయట నీళ్ళు పదిహేను అడుగులు. అంచనాయే. ఈ మేడ కిటికీలోంచి గోడ మీది గీతలు కళ్ళకి ఆనవు, నాచు ఎంత తడిసిందో చూసి రాస్తున్నాను. నలభై ఏళ్ళుగా ముందు నీళ్ళు రాయకుండా ఇంకో మాట రాసినవాణ్ణి కాదు. ఇప్పుడూ అంతే.

ఈ పుస్తకం ఇచ్చింది, పాటలకి వెండి కంటెలు వేసే కచేరీ వాళ్ళు. గెలిచినోళ్ళందరికీ ఇస్తారంట, జీవిత చరిత్ర రాసుకోమని. నాది ఒక్క ముక్కలో అయిపోతుంది. సంగాని నూకరాజు, డెబ్భై ఒకటి, ఏడో లాకు కేకగాణ్ణి, తలుపు తోసే జట్టుకి కేక వేసేవాణ్ణి. అక్షరాలు లాకు పలకల మీద నేర్చాను. తప్పులుంటే చదివేవాడు దిద్దుకోవాలి, నేను దిద్దను.

నిన్న కంటె పండగ అయింది. పన్నెండు రకాల పాటలకి పన్నెండు వెండి కంటెలు. ఏటా కింద జనంలో నిలబడి మెడ నొప్పెట్టేలా చూసేవాణ్ణి, నిన్న పందిరి మీదకి నేనే ఎక్కాను. పెళ్ళి పాటకి ఒక పిల్ల గెలిచి ఏడుపందుకుంది. భజనకి పేరు పిలిస్తే గెలిచినాయన కాకుండా ఆయన తమ్ముడు లేచి దణ్ణం పెట్టాడు, జనం ఒకటే నవ్వు. ఆ తరవాత పని పాట, దానికి కంటె పెట్టడం ఈ ఏడే మొదలు. "ఏడో లాకు, సంగాని నూకరాజు" అన్నారు. మూడో లాకు కేకగాడు పాలెపు దానియేలు ముందు వరసలోనే ఉన్నాడు. నాతోనే పోటీకెళ్ళి ఓడిపోయినోడు. చప్పట్లు కొట్టకుండా చేతులు చంకల్లో పెట్టుక్కూర్చున్నాడు. కంటె ఇవ్వకపోయినా పర్లేదు, ఆ మొహం చూస్తే చాలనిపించింది నాకు.

చెంబు నీళ్ళలో చెయ్యి పెట్టించి, ఇది పాటలు కట్టే మర కట్టింది కాదు, నా పాటే అని ఒట్టేయించుకుని, కంటె మెడకి పెట్టి వెనకాల నొక్కారు. బిగుసుకుంది. ఎప్పుడు తీస్తారని అడిగితే, వచ్చే ఏడు పని పాటకి ఇంకొకరు గెలిచాక అన్నారు. అందాకా ఈ మేడలోనే. పరుపుంది, రెండు పూటలా చేపల కూర, స్నానానికి వేణ్ణీళ్ళు. మా అమ్మాయి మరిడి సంచి సర్దుతుంటే, "ఎల్లుండికల్లా విసుగొస్తుంది నీకు" అంది. ఎందుకొస్తుంది?

మూడో రోజు. తదియ.

నీళ్ళు పద్నాలుగు.

పొద్దున్నే స్నానాల గదిలో నీళ్ళు పోసుకుంటూ కేక అందుకున్నాను, అలవాటు కొద్దీ. నోరు తెరిచాను, గొంతు లేచింది, చప్పుడు లేదు. చెవిలో దూది కుక్కినట్టయింది. మళ్ళీ వేశాను, అదే. మామూలుగా మాట్లాడితే మాట వినబడుతోంది. గొంతెత్తానో, కంటె మెడ మీద జుమ్మని మొత్తం మింగేస్తోంది.

ఈ మేడ చూసే అమ్మగారు హైమవతి గారు. చిన్నవయసే, మర్యాద తెలిసిన మనిషి. అడిగితే చెప్పింది. "ఒక గొంతు ఒక్క చోటే ఉండాలి నూకరాజు గారూ. మీ గొంతిప్పుడు ఊరిది. కూత పెట్టెల్లో ఎక్కించాం. మీరు కూడా పాడుతూ తిరిగితే ఏది అసలో ఏది దొంగదో ఎవరు చెప్పగలరు?"

"అసలుది నా దగ్గరుందమ్మా."

"ఇంక లేదండి," అంది, కాఫీ ఇచ్చినంత మెల్లగా.

సరే అనుకున్నాను. ఎందుకంటే ఇవాళ్టినుంచి ఏడు లాకుల్లోనూ కూత పెట్టెల్లోంచి వచ్చేది నా కేకే. దానియేలు లాకులో కూడా. వాడు నోరు మూసుకుని నా కేకకి గడ తొయ్యాలి. మధ్యాన్నం పోటు వేళకి కిటికీ దగ్గర కూర్చున్నాను. గాలి ఇటు కొట్టినప్పుడు వినబడింది.

తోసెయ్ రా, గంగ తల్లి, తొలగెయ్ రా, ఒక పన్ను!

గొంతు నాదే. ముప్పై ఏళ్ళవాడి గొంతులా ఖంగుమంటోంది. మీసం దువ్వుకున్నాను. కాని అందులో ఏదో తేడా ఉంది. ఏమిటో పట్టుకోలేకపోయాను.

తొమ్మిదో రోజు. నవమి, ఆదివారం.

నీళ్ళు పన్నెండు.

మరిడి వచ్చింది. వారానికోసారి చూడనిస్తారు, బల్లకి అటూ ఇటూ కూర్చోబెట్టి. ముప్పై ఎనిమిదేళ్ళది, నా జట్టులోనే నాలుగో గడ తోస్తుంది. ఎడం చేతికి గుడ్డ కట్టుకుంది.

"ఏమైంది చేతికి?"

"ముందు నీ కేక ఎలా ఉందో అడుగు. అడగాలని నోరు దురదగా ఉందిగా."

"ఎలా ఉంది?"

"నీదే. మేం సచ్చిపోతన్నాం."

అప్పుడు చెప్పింది. ఇక్కడ లాకు పని తెలియనోళ్ళకి నేను చెప్పాలి. తలుపు దించడానికి, ఎత్తడానికి పళ్ళ చక్రం ఉంటుంది. దానికి పన్నెండు గడలు, గడకొక మనిషి. కేకకి ఒక తోపు, తోపుకి ఒక పన్ను. పన్ను దాటగానే ఇనప నాలుక పడి టక్‌మంటుంది. ఆ టక్ వినబడ్డాకే కాలు మార్చాలి. నాలుక పడకముందు ఎవరన్నా కాలు తీశారో, చక్రం వెనక్కి తంతుంది. గడ వచ్చి డొక్కలో దిగుతుంది. అందుకని కేకగాడు చక్రం చూడడు, కాళ్ళు చూస్తాడు. అందరికన్నా నెమ్మది మనిషి కాలు ఎక్కడుందో చూసి, అది నేలకి ఆనాకే రెండో కేక. మా జట్టులో ఆ మనిషి బుల్లబ్బాయి. పేరు బుల్లబ్బాయి గాని అరవై దాటాయి, కుడి మోకాలు చెడిపోయింది. నేను కేక వేసేది బుల్లబ్బాయి మోకాలికే. అది వాడికీ తెలుసు, అందుకే కంటె గెలిచినప్పుడు, "సగం కంటె నాది బావా" అన్నాడు.

"పెట్టెలో కేక ఆగదు నాన్నా. ఒకదాని వెనక ఒకటి. మధ్యలో ఊపిరి లేదు, టక్ లేదు. మొన్న ఆరో పన్నుకి నా చెయ్యి నలిగింది. బుల్లబ్బాయి మావ కాలు మారుస్తుంటే తరవాతి కేక వచ్చేస్తోంది."

"నా కేకలో ఆగడం లేకపోవడమేంటి?"

అన్నాను గాని, అప్పటికే గుర్తొచ్చింది. పోటీకని మా లాకులో పట్టిన కేకని రికార్డు గదిలో వినిపిస్తూ అద్దాల బల్ల దగ్గరున్నావిడ అడిగింది, "పెద్దాయనా, మధ్యలో ఖాళీలు చాలా ఉన్నాయి, ఆ ఇనప చప్పుడు కూడా పడింది, తీసేద్దామా?" అని. నేనేమన్నాను? "తీసి పారెయ్యమ్మా. నా గొంతొక్కటే వినబడాలి. దానియేలు గాడు అదిరిపోవాలి."

అది మరిడికి చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

"కేక వినకండి. మీ పద్ధతిలో మీరు తొయ్యండి," అన్నాను.

"పెట్టె చెవులు పగిలేలా అరుస్తుంటే ఎవరి పద్ధతని తోస్తాం? సగం మంది దానికి, సగం మంది నాకు. ఇంకా ప్రమాదం."

పదహారో రోజు. అమావాస్య వెళ్ళిన పాడ్యమి.

నీళ్ళు పదహారున్నర.

నిన్న అమావాస్య పోటు. ముప్పై పళ్ళు తోశారు. పొద్దుటినుంచి కిటికీ దగ్గరే ఉన్నాను. నా గొంతు ఏడు వైపులనుంచీ వస్తోంది, ఒకే క్షణాన, ఒకేలా. మూడో లాకు వైపు మధ్యలో ఒక అరుపు వినబడింది. కేక ఆగలేదు. ఎవరో అరుస్తూనే ఉన్నారు, నేను పాడుతూనే ఉన్నాను.

అన్నం తెచ్చినామెని అడిగితే చెప్పింది. దానియేలుకి భుజం జారిందంట. నాకు సంతోషం కలగాలి. కలగలేదు.

ఇరవై మూడో రోజు. అష్టమి, ఆదివారం.

నీళ్ళు పదకొండు.

"నాలుక పడ్డ చప్పుడు మనసులో అనుకోండి," అని మరిడికి నేర్పాలని చూశాను. బల్ల మీద వేలితో కొట్టి చూపించాను. తోపు, రెండు వేళ్ళు, టక్, కాలు. పాపం అది కూడా కొట్టింది. తరవాత చెయ్యి ఆపేసింది.

"నాన్నా, చక్రం పొద్దున ఒకలా ఉంటుంది, వానలో ఒకలా ఉంటుంది. నాచు పడితే ఇంకోలా. మావ మోకాలు రోజుకో రకం. ఏ లెక్కని అనుకోమంటావు?"

"మరి నేనెలా వేసేవాణ్ణి?"

"నువ్వు చూసేవాడివి."

వెళ్తూ వెళ్తూ ఇంకో మాట చెప్పింది. నలభై అయిదో రోజుకి వచ్చే అమావాస్య పెద్ద పోటు. పంచాంగంలోనే ఉంది. తలుపు అడుగుదాకా దించాలి, నలభై ఒక్క పళ్ళు, మధ్యలో వదలడానికి ఉండదు. వదిలితే సముద్రం ఊళ్ళోకొస్తుంది.

"నువ్వు ఆ రోజు లాకులోకి దిగకు," అన్నాను.

"నేను దిగకపోతే నా గడ ఎవరు తోస్తారు? నువ్వొస్తావా?"

ముప్పై ఒకటో రోజు.

నీళ్ళు పదిహేనున్నర. పౌర్ణమి పోటు నిన్న.

బుల్లబ్బాయి డొక్కలో మూడు ఎముకలు విరిగాయి. పద్దెనిమిదో పన్ను. మరిడి ఆదివారం దాకా ఆగలేదు, గేటు దగ్గర నిలబడి కబురంపింది. కబురు తెచ్చినావిడ చదివి వినిపించబోతే లాక్కుని నేనే చదువుకున్నాను. వాడి గడ ఖాళీ. ఇప్పుడు పదకొండు మందే. కొత్త మనిషిని ఇవ్వరంట.

బుల్లబ్బాయి ఒక మాట చెప్పమన్నాడంట. "బావ గొంతు బాగుందని చెప్పు. ఎముకలు విరుగుతున్నప్పుడు కూడా శ్రుతి తప్పలేదు" అని. వాడు ఎప్పుడూ ఇంతే, ఎకసక్కెం.

ముప్పై మూడో రోజు.

నీళ్ళు పద్నాలుగు.

హైమవతి గారి గదికెళ్ళాను. కూర్చోమంది, కూర్చోలేదు.

"అమ్మగారూ, ఆ కేకలో ఖాళీలు మళ్ళీ పెట్టించండి. ఇనప చప్పుడు కూడా."

"గెలిచిన పాటలో ఒక్క ఊపిరి మార్చినా అది గెలిచిన పాట కాదండి."

"అయితే ఆపించండి."

"ఇంకొకరు గెలిచేదాకా ఆపే వీల్లేదు."

"నాకీ కంటె వద్దు. తీసుకోండి."

"వద్దని పక్కన పెట్టెయ్యడానికి అది కూర కాదు కదండీ." అని, నా మొహం చూసి గొంతు తగ్గించింది. "నేను రాశాను పెద్దాయనా. రెండుసార్లు రాశాను. లాకుల శాఖ జవాబు చూపించనా?"

చూపించింది. పెద్ద పెద్ద మాటలు, వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. కేకలో లోపం లేదు, జట్టులే కేకకి తగ్గట్టు తొయ్యడం నేర్చుకోవాలి అని ఉంది. నా జట్టుకి తొయ్యడం నేర్పుతారంట వీళ్ళు!

సాయంత్రం పోటుకి ఇత్తడి పళ్ళెం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. కేక వచ్చినప్పుడల్లా, ఆగాల్సిన చోట గరిటెతో పళ్ళెం మీద కొట్టాను, లాకు దాకా వినబడుతుందేమోనని. చెయ్యి పడిపోయేదాకా కొట్టాను. కింద వీధిలో జనం పోగయ్యారు. కంటె తాత సంబరం చేసుకుంటున్నాడు అనుకుని చప్పట్లు కొట్టారు. ఒకడు ఈల వేశాడు.

ముప్పై ఆరో రోజు.

నీళ్ళు పన్నెండు.

పక్క గదిలో సుభద్రమ్మ అని ఒకామె ఉంది. నాకన్నా పెద్దది, అక్కా అని పిలుస్తాను. జోల పాటకి కంటె వచ్చి పదకొండేళ్ళయింది. ఇవాళ వరండాలో బియ్యంలో రాళ్ళు ఏరుతోంది, వంటవాళ్ళు వద్దన్నా వినదు.

"పదకొండేళ్ళలో జోలకి ఇంకెవరూ గెలవలేదా అక్కా?"

"పోటీకొస్తే కదా గెలవడానికి. ప్రతి ఉయ్యాలకీ నా జోల పెట్టె కట్టేశారు. ఇంక ఏ తల్లి పాడుతుంది? పాడే తల్లి లేదు, నా మెడ వదల్లేదు." రాయి ఒకటి తీసి విసిరింది. "నీదీ అంతే. నీ కేక పెట్టెలో ఉండగా కేక నేర్చుకునేవాడెవడు? ఏ ఏటికా ఏడు పేరుకి పండగ."

వచ్చే ఏడు అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ. వచ్చే ఏడు లేదు.

"ఇంకొకరు గెలవకుండా ఇక్కణ్ణించి బయటికి వెళ్ళినవాళ్ళే లేరా?"

"ఒకడున్నాడు. పూలమ్మే పాటకి గెలిచాడు. ఓ రోజు కచేరీకి వెళ్ళి, ఈ పాట నేను కట్టింది కాదు, మర కట్టింది, నేను నేర్చుకుని పాడానన్నాడు. ఆ పూటే కంటె కోసేశారు. ఊళ్ళో పెట్టెలన్నిట్లోంచీ వాడి గొంతు తుడిచేశారు."

"నిజంగా మరదేనా?"

"ఎవరికి తెలుసు? మర పాటకీ మనిషి పాటకీ తేడా చెప్పేవాడు ఈ ఊళ్ళో ఉన్నాడా? అందుకే కదా, ఆ రోజు పందిరి మీద చెంబులో చెయ్యి పెట్టించి, ఇది మర పాట కాదని నీ చేత ఒట్టేయించింది. ఉన్నదల్లా ఆ ఒట్టొక్కటే నూకరాజూ."

"వాడేమయ్యాడు?"

"మరగొంతు అని పేరు పడింది. పిల్లలు కూడా అలాగే పిలిచేవారు. వాడి దగ్గర పూలు ఎవరూ కొనలేదు. ఇంకెప్పుడూ నలుగురిలో గొంతెత్తకూడదని తీర్పు."

"చస్తే చస్తాను గాని ఆ మాట అనను," అన్నాను.

"అనమని నేనన్నానా? నేను పదకొండేళ్ళ నుంచీ అనలేదుగా," అంది. చేట దులుపుకుని లోపలికెళ్ళిపోయింది.

ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది.

నీళ్ళు చూడలేదు.

మరంటే నాకు అసహ్యం. మా లాకు గదిలో ఎవడన్నా మర పాట కూనిరాగం తీస్తే గడ వదిలించి బయటికి పంపేవాణ్ణి. ఈ కేక నాకెవరూ ఇవ్వలేదు. పంతొమ్మిదేళ్ళప్పుడు, పాత కేకగాడు జబ్బు చేసి రాకపోతే, ఎదురుగా పోటు వచ్చేస్తుంటే, నోటికొచ్చింది అరిచాను. ఆ రోజు అరిచిందే ఇది. మా ఆవిడ ఉన్నప్పుడు, "నీకీ కేకే పెద్దపెళ్ళాం" అనేది. దీన్ని పట్టుకుని మర కన్నది అనాలా నేను?

ముప్పై తొమ్మిది.

నీళ్ళు ఇవాళా చూడలేదు.

సాయంత్రం పోటుకి కిటికీ మూసేశాను. అయినా వినబడింది. కేక కేకకీ మధ్య మరిడి కాలు ఎక్కడుందో అనుకుంటూ కూర్చున్నాను. కనబడదు కదా. ఇన్నేళ్ళూ కళ్ళతో పాడినవాణ్ణి, ఇప్పుడు కళ్ళు లేవు, గొంతొక్కటే ఊరంతా తిరుగుతోంది గుడ్డిదానిలా.

నలభై ఒకటో రోజు. ఏకాదశి.

నీళ్ళు పదమూడు, పెరుగుతున్నాయి.

పొద్దున్నే తల దువ్వుకుని హైమవతి గారి దగ్గరికెళ్ళాను.

"ఆ పాట మర కట్టింది," అన్నాను.

కలం కింద పెట్టింది. "ఏ మర?"

అది ఆలోచించుకోలేదు నేను. "ఉండేది. తెలిసినోడి దగ్గర."

"తెలిసినోడి పేరు?"

"చచ్చిపోయాడు."

"నూకరాజు గారూ, ఒకసారి అంటే వెనక్కి తీసుకోడానికి ఉండదు. మీరే పందిరెక్కి, ఊరంతటికీ పెట్టెల్లో వినబడేలా చెప్పాలి. మీ అమ్మాయి కూడా వింటుంది. లాకు గడప తొక్కనివ్వరు. ఎప్పుడన్నా గొంతెత్తి కేక వేస్తే, పాట మీదేనని, చెప్పింది అబద్ధమని కంటె మళ్ళీ వేస్తారు, పెట్టెలు మళ్ళీ మొదలు."

"నాకు చెవుడు లేదమ్మా."

"మూడుసార్లు అడగాలి, రూలు. ఆ పాట మర కట్టిందా?"

"కట్టింది."

"మర కట్టిందా?"

"కట్టింది."

మూడోసారి ఆమె తల వంచుకుని అడిగింది. నేను తల ఎత్తుకునే చెప్పాను.

మధ్యాన్నం పందిరెక్కించారు. గెలిచినప్పుడు ఎంత జనమో ఇప్పుడూ అంత. చెప్పమన్నది చెప్పాను. నేను సంగాని నూకరాజు, ఏడో లాకు. నా పాట నాది కాదు, మర కట్టింది, నేను దొంగ ఒట్టు వేశాను. అంతే. జనంలోంచి ఎవడో, "థూ, ముసలి మరగొంతు!" అన్నాడు. దానియేలు భుజానికి కట్టుతో ముందే నిలబడి ఉన్నాడు. "నేనప్పుడే చెప్పాను కదా, మనిషన్నవాడికి అంత బాగా రాదని!" అని చుట్టూ ఉన్నోళ్ళకి చెప్పుకుంటున్నాడు. వాడు జన్మలో నన్ను మెచ్చుకున్నది అదొక్కసారి.

రంపంతో కంటె కోశారు. ఈ పుస్తకం ఇవ్వబోతే హైమవతి గారు తీసుకోలేదు. "దొంగ ఒట్టు వేసినవారి చరిత్ర భద్రపరచం, పట్టుకెళ్ళండి" అని గట్టిగా అంది, పక్కనున్న గుమాస్తాలు వినేలా. తరవాత నెమ్మదిగా, "దాచుకోండి" అంది.

నలభై రెండు.

ఇంట్లో ఉన్నాను, నీళ్ళు కనబడవు. పెట్టెలు నోరు మూశాయి. వచ్చే పండగ దాకా ఎవరి లాకుకి వాళ్ళ కేక అని చాటారు. మా లాకులో కేక మరిడికి ఇచ్చారు, నా పక్కన ఇరవై ఏళ్ళు గడ తోసింది కదాని.

మరిడి నాతో మాట్లాడలేదు. కంచం పెట్టింది, నీళ్ళు పెట్టింది. దానికి నిజం చెప్పాలని నాలిక దాకా వస్తుంది. చెప్తే అది ఊరుకోదు, దాని నోరు నా నోరే. లాకు గదిలో ఎవడన్నా నన్నేదన్నా అంటే అరిచి చెప్పేస్తుంది. మర్నాడు పెట్టెలు అరుస్తాయి. ఇదివరకు ఒక గదిలో ఉన్నాను, తలుపుండేది; ఈ అబద్ధానికి తలుపు కూడా లేదు.

బుల్లబ్బాయిని చూడ్డానికి వెళ్ళాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "నా మోకాలు చూసి ఆగావనుకున్నాను బావా ఇన్నేళ్ళూ. మర ఆగమన్న చోట ఆగావా?" అన్నాడు. ఈసారి ఎకసక్కెం కాదు.

అవునన్నాను.

నలభై అయిదు. అమావాస్య. పెద్ద పోటు.

పొద్దున తొమ్మిదికే నీళ్ళు పద్దెనిమిది. నేను లాకు గది గడప ఇవతల, కంచె దగ్గర నిలబడ్డాను. ఇద్దరు కాపలావాళ్ళు నా నోటి వైపే చూస్తున్నారు. తలుపు తెరిచే ఉంది, లోపల చక్రం కనబడుతోంది. పదకొండు మంది. మరిడి కేక వేస్తూనే గడ కూడా తోస్తోంది. మనుషులు చాలరు మరి.

దాని కేక నా కేక కాదు. గొంతు బొంగురు, రాగం లేదు. "ఆన్చండి... తొయ్" అంటుంది, అంతే. ఆగాల్సిన దానికన్నా ఎక్కువసేపు ఆగుతోంది. పది పళ్ళు అయ్యాయి. ఈ లెక్కన పోటు వచ్చేస్తుంది. పదిహేను. ఇరవై. సముద్రం గోడకి కొడుతుంటే అరికాళ్ళకి తెలుస్తోంది.

ఇరవై మూడో పన్ను దగ్గర చక్రం పట్టేసింది. నాలుక పన్ను మీద నిలబడింది, లోపలికి పడలేదు. పదకొండు మందీ గడల మీద వేలాడుతున్నారు. ఎవరు కదిలినా అందరి డొక్కలూ పోతాయి. మరిడికి తన గడ దగ్గర్నించి ఎవరి కాళ్ళూ కనబడవు.

అక్కడ ఏ కేక వెయ్యాలో నాకు తెలుసు. ఇలాంటప్పుడు పొడుగు కేక ఒకటుంది, కడుపులోంచి లాగి చివర విరిచేది. ఎన్నోసార్లు వేశాను. అది వింటే మనిషి వొంట్లో లేని బలం కూడా వస్తుంది. ఊపిరి దానంతటదే నిండింది నాకు. మెడకి కంటె లేదు. వేస్తే చక్రం కదులుతుంది, ఇవాళ్టికి. ఆ కేక మర నేర్పిందని చెప్తే కాపలావాడు కూడా నమ్మడు. రేపు పెట్టెలు.

రెండు చేతులతో కంచె పట్టుకుని పళ్ళు బిగించాను. పెదవి కొరుక్కుంటే ఉప్పగా తగిలింది.

లోపల మరిడి కేక వెయ్యలేదు. గడ మీద గడ్డం ఆన్చి అడిగింది. "ఎవరి కాలు జారుతోంది? నిజం చెప్పండి. ఎవరిది?"

నేనెప్పుడూ అలా అడగలేదు. కేకగాడు అడగడు, కేకగాడికి తెలియాలి. అడిగితే పరువు తక్కువ.

తొమ్మిదో గడ ఆవిడ, "నాదమ్మా" అంది ఏడుపు గొంతుతో. ఇంకొకడు, "నాది కూడా. సిగ్గేసి చెప్పలేదు" అన్నాడు.

"ఇద్దరూ మడమ కింద ఇసక తొక్కుకోండి. మేం పట్టుకునే ఉంటాం. ఆనిందా? నీకు? అయితే మీరిద్దరూ అనండి తొయ్ అని, మేం తోస్తాం."

ఆ ఇద్దరూ అన్నారు. టక్‌మంది.

అక్కణ్ణించి పన్ను పన్నుకీ కేక చేతులు మారింది. ఎవరి కాలు ఆలస్యమో వాళ్ళే "తొయ్" అంటున్నారు, మిగిలినవాళ్ళు వాళ్ళ కోసం ఆగుతున్నారు. అదొక పాటా? వింటుంటే సంతలో బేరంలా ఉంది. నలభై ఒక్క పళ్ళు పడ్డాయి. తలుపు అడుగుకి దిగింది. నీళ్ళు పంతొమ్మిదికెక్కి, గోడ అవతలే గింగిరాలు తిరిగాయి.

కాసేపటికి మరిడి చెంబు పట్టుకుని గడప దగ్గరికొచ్చింది. సగం నీళ్ళు నెత్తిన పోసుకుంది. కాపలావాళ్ళని చూసింది, నన్ను చూసింది. నా పెదవి మీద రక్తం చూసింది. నాలుగు రోజుల తరవాత నాతో నోరు విప్పింది.

"నాన్నా, ఆ పాట కట్టిన మర ఎక్కడుంది? ఒకసారి చూపిద్దూ."

"పాడైపోయింది. సముద్రంలో పారేశాను."

"ఎవరు చేశారో గాని మంచి మర." చెంబులో అడుగున ఉన్న నీళ్ళు కంచె మీదుగా నాకిచ్చింది. "బుల్లబ్బాయి మావ మోకాలు చూసి ఆగేది. నేను ఇరవై ఏళ్ళు పక్కనుండి చూశాను."

కాపలావాళ్ళలో ఒకడు ఇటు తిరిగాడు. నేను నీళ్ళు తాగి పెదవి తుడుచుకున్నాను.

"పది పళ్ళ దాకా మరీ ఎక్కువసేపు ఆగావు నువ్వు," అన్నాను.

"మరగొంతోళ్ళకేం తెలుస్తుందిలే," అని గట్టిగా, వాళ్ళు వినేలా అని, చెంబు లాక్కుని లోపలికెళ్ళిపోయింది.